అచ్చులతో ముగియు పాటల దేశము

పల్నాటి సీమలోని నడికుడి కూడలి స్టేషనునందు నిలిచి చూచువారికి మూడు దిక్కులకు సాగిపోవు రైలుదారులు కానవచ్చును. ఒకటి కృష్ణానదిని దాటి, మిర్యాలగూడ, నల్లగొండల మీదుగా హైదరాబాదు వైపు పోవును. ఒకటి పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా గుంటూరు చేరును. మూడవది గురజాల, రెంటచింతల దాటి మాచర్లలో ఆగిపోవును. సున్నపురాతి గనుల నడుమ, మిరప చేల నడుమ పెరిగి, కార్తిక మాసమున కారెంపూడి వీరుల గుడి ముంగిట పంబ మ్రోతను మేను గగుర్పొడువగా విన్న బిడ్డ యెవరైనను, ఆ మ్రోత వెన్నాడుచుండగా సంగీతమే తన విద్య యని నిశ్చయించుకొన్నచో, ఆ విద్యలో పైమెట్టు ఎక్కుటకు ఈ మూడు దారులలో ఏదో యొకటి పట్టి ఊరు విడువక తప్పదు. ఆ ప్రయాణము విజయవాడతోనో విజయనగరముతోనో ముగియవచ్చును. నేటి కాలమున అది ఇటలీ దేశము దాక సాగుటయు అసంభవము కాదు. అట్టి విద్యార్థి ఒక సెమిస్టరు, అనగా సుమారు అర్ధసంవత్సరము, ఆ దేశమున చదువబోయినచో అచ్చట ఎదురగునదేమి, ఇంటి నుండి కొనిపోవలసినదేమి యను విషయమును విన్నవించుటకే ఈ నాలుగు మాటలు.

పాట కొరకు పరదేశము పోవుట తెలుగువారికి క్రొత్త కాదు. త్యాగరాజస్వామి శిష్యుడైన మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి వద్ద కృష్ణాతీరవాసియైన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు విద్య నభ్యసించి స్వదేశమునకు మరలిరి. వారి వద్ద పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, పంతులుగారి వద్ద మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు నేర్చిరి. ఒక తెలుగు విద్యార్థి తంజావూరు సీమకు పోయి వచ్చుటవలన మన తీరమునకు ఎంతటి గురుపరంపర దక్కినదో ఈ నాలుగు పేర్లే చెప్పుచున్నవి. ఐరోపావారికి ఇటలీ సరిగా అట్టి తంజావూరు. జర్మను దేశపు స్వరకర్తయైన హైన్రిహ్ షుట్జ్ 1609లో వెనీసు నగరమునకు పోయి గాబ్రియేలి వద్ద శిష్యుడయ్యెను. మరియొక స్వరకర్త హాండెల్ 1706 నుండి కొన్ని సంవత్సరములు ఇటలీలోనే గడపెను. మోజార్టు పదునాలుగేండ్ల ప్రాయమున, 1770లో, బొలోన్యా పట్టణమున పాద్రే మార్తీని యను వృద్ధాచార్యుని యెదుట కూర్చుండి పాఠములు నేర్చెను. నేటి సెమిస్టరు చదువు ఆ పాత తీర్థయాత్రకు కళాశాలలు చేసిన క్రమబద్ధమైన రూపము.

అచ్చటి సంగీత విద్యాలయములను కన్సర్వేటరీలందురు. ఆ మాట పుట్టుక మనసును కదలించునట్టిది. పదునారవ శతాబ్దిలో నేపుల్సు నగరమున అనాథ బాలకులను చేరదీసి కాపాడు ఆశ్రమములకు, కాపాడు చోటు అను అర్థమున ఆ పేరు కలిగెను. అన్నమునకు తోడు పాటయు నేర్పగా, క్రమముగా ఆ యనాథాశ్రమములే ఐరోపాఖండమునకు గాయకులను, వాద్యకారులను ప్రసాదించు విద్యాపీఠములయ్యెను. వెనీసులో పియేతా యను ఆశ్రమమున దిక్కులేని బాలికలకు వయొలిను నేర్పుటకు 1703లో కుదిరిన గురువు వివాల్దీ. నేడు ప్రపంచమంతయు వినుచున్న అతని రచనలలో ననేకములు ఆ బాలికలు వాయించుటకై పుట్టినవే. మిలాను నగరమున 1808లో వెలసిన విద్యాలయము మరియొక వింత. 1832లో వెర్డీ యను పదునెనిమిదేండ్ల పల్లెటూరి యువకుడు ప్రవేశము కోరిరాగా పరీక్షకులు అతనిని నిరాకరించిరి. నేడు ఆ విద్యాలయము, పిదప మహాస్వరకర్తయైన ఆ వెర్డీ పేరనే పిలువబడుచున్నది. పరీక్షలో తప్పి ఇంటికి మరలిన పిల్లలున్న ప్రతి కుటుంబమునకు ఈ కథ చెప్పదగినది.

చదువు ఏర్పాటు సంగతి క్లుప్తముగా చెప్పెదను. తొలి పట్టమునకు మూడు సంవత్సరములు. సంవత్సరమునకు 60 క్రెడిట్ల చొప్పున మొత్తము 180. ఒక సెమిస్టరుకు వచ్చిన విద్యార్థి సుమారు 30 క్రెడిట్ల పాఠములు ఎంచుకొనును. మార్కులు నూటికి గాక ముప్పదికి వేయుదురు. 18 వచ్చిన ఉత్తీర్ణత. పరీక్షలు పెక్కు భాగము నోటితోనో, వాద్యముతోనో గురువుల ఎదుట జరుగును గాని కాగితము మీద కాదు. తొంబది దినములు మించి ఉండువారు దీర్ఘకాల వీసాతో పోవలెను. దిగిన ఎనిమిది పనిదినములలో నివాసానుమతికి దరఖాస్తు పెట్టవలెను. దానికి కావలసిన కాగితముల కట్ట అచ్చటి తపాలా కార్యాలయమున దొరకును. ఈ గడువును మరచినవారు తరువాత మిక్కిలి చిక్కులు పడుదురు గావున ఈ ఒక్క వాక్యమును పెట్టెలోని బట్టలతోపాటు భద్రపరచుకొనవలెను.

ఇక అసలు విషయము. మన విద్యార్థికి ఆ దేశమున మొదట కలుగు ఆశ్చర్యము చెవికి సంబంధించినది. వీధిలో, అంగడిలో, రైలులో వినవచ్చు మాటలన్నియు ఇంచుమించు అచ్చులతోనే ముగియును. ఇల్లు వారికి కాసా, పాట కాంతో, ప్రేమ అమోరే. అమ్మ, చెట్టు, నీరు, పాట అని పలుకుచు పెరిగిన నోటికి ఇది పరాయి వరుస యనిపించదు. తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియను అని పొగడుట చిరకాలముగా ఉన్నది. మనవారు దానిని సభలలో చెప్పుకొని చప్పట్లు కొట్టుదురే గాని, అందలి సంగీతరహస్యమును తరచి చూచువారు తక్కువ. హల్లుపై ముగియు మాటను గాయకుడు సాగదీయలేడు. పెదవియో నాలుకయో అడ్డుపడి నాదమును త్రుంచును. అచ్చుపై ముగియు మాట తెరచిన వాకిలి వంటిది. ఊపిరి ఉన్నంత దూరము నాదము దానిలోనుండి నడచిపోవును. అందువలననే ఐరోపాలోని గాయకులకు ఇటాలియను, దక్షిణ భారతమునందలి గాయకులకు తెలుగు పాట భాషలైనవి. కాలము కూడ కలిసినది. ఫ్లారెన్సులో 1600 ప్రాంతమున సంగీతరూపకము, అనగా ఆపెరా, కన్నుదెరచిన ఆ శతాబ్దిలోనే తంజావూరు నాయకరాజుల కొలువులో తెలుగు యక్షగానములు రంగస్థలమెక్కినవి. విజయరాఘవనాయకుడు స్వయముగా వాటిని రచించినాడు. ఒకరినొకరు ఎరుగని రెండు రాజసభలు ఒకే కాలమున, కథను మాటలతో గాక పాటతో నడుపవచ్చునని కనుగొనుట నాకు ఎన్నడును తనివి తీరని విషయము.

ఈ పోలికలో మనకు నొప్పి కలిగించు భాగమొకటి కలదు. కొరియా నుండి వచ్చినను, జపాను నుండి వచ్చినను, జర్మనీ నుండి వచ్చినను, గాత్రవిద్యార్థి పాడు ప్రతి ఇటాలియను పదమునకు అర్థము చెప్పగలుగవలె ననియు, ద్విత్వాక్షరమును ఒత్తవలసిన చోట ఒత్తవలె ననియు అచ్చటి గురువులు పట్టుబట్టుదురు. ఉచ్చారణకు వేరుగా తరగతియే కలదు. మనమో, తెలుగు పుట్టిన నేలమీద నుండియు, త్యాగరాజ కృతిని స్వరము తప్పక పాడిన బిడ్డను పల్లవిలోని మాటకు అర్థమేమని అడుగుట మానివేసితిమి. తమిళదేశమున కొందరు గురువులు తెలుగు వ్రాత నేర్చుకొని శిష్యులకు అర్థము చెప్పుచుండగా, మన బిడ్డలు ఆంగ్లాక్షరములలో సాహిత్యము వ్రాసుకొని పాడుట చూచితిని. నా మనస్సు మిక్కిలి నొచ్చినది.

రెండవ ఆశ్చర్యము షడ్జమునకు సంబంధించినది. మనకు సరిగమపదని ఎట్లో వారికి దో రే మీ ఫా సోల్ లా సీ అట్లు. పదునొకండవ శతాబ్దిలో అరెత్సో పట్టణపు సన్న్యాసి గ్వీదో, ఒక స్తోత్రములోని పాదముల మొదటి అక్షరములను తీసి స్వరములకు పేర్లు పెట్టెను. మొదటి స్వరమును అతడు ఉత్ అనినాడు. అది హల్లుపై ముగియుటవలన పాడుటకు ఇబ్బంది కలుగగా తరువాతివారు దో అని మార్చుకొనిరి. మరల అచ్చే గెలిచినది! కాని మన షడ్జమునకును వారి దోకును పెద్ద భేదము కలదు. మన షడ్జము గాయకుని కంఠమును బట్టి మారును. ఆడపిల్లకు ఐదున్నర, మగవానికి ఒకటి, ఎవరి శ్రుతి వారిది. ఇటలీలో దో అనునది పియానో మెట్ల మీద కదలని ఒక చోటు. ఎవరు పాడినను అదే. పదేండ్లుగా తంబురా మ్రోతలో తన షడ్జమును వెదకికొనిన బిడ్డకు, కదలని స్వరమును కాగితము మీద చూచి తక్షణమే పాడుమని ఆజ్ఞాపించు తరగతి మొదటి నెలలలో కంటనీరు తెప్పించిన నాశ్చర్యము లేదు. గమకమును విడిచి స్వరమును నిటారుగా నిలుపుట ఒక కష్టము. పక్కవాడు వేరొక స్వరము పాడుచుండగా తన స్వరమును వదలక పట్టుకొనుట మరియొక కష్టము. ఈ రెండును అలవడిన చెవి తిరిగి వచ్చి తోడిని విన్నప్పుడు, ఆ ఒక్క రాగపు వెడల్పు మునుపెన్నడును తెలియనంతగా తెలియును. అర్ధసంవత్సరపు చదువునకు ఇంతకు మించిన ఫలము నేను కోరను.

మూడవది ఊపిరి. మన కచేరీలు మైకునకు దాసోహమైనవి. నేపుల్సులో 1737లో తెరచిన సాన్ కార్లో రంగశాలయందు గాని, మిలానులో 1778లో తెరచిన స్కాలా యందు గాని గాయకుడు మైకు లేకయే నిండు వాద్యబృందమును దాటి తన గొంతును కట్టకడపటి వరుసకు చేర్చవలెను. వెరోనాలో రోమనుల కాలపు మెట్ల రంగస్థలమొకటి నేటికిని నిలిచియున్నది. వెర్డీ శతజయంతి సంవత్సరమైన 1913లో అచ్చట అతని ఐదా యను ఆపెరాను ప్రదర్శించినది మొదలు అది పాటలకు నెలవైనది. ఈ సంగతి చదివినప్పుడు పల్నాటివారికి అనుపు జ్ఞప్తికి రావలెను. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండలో బయల్పడిన రాతిమెట్ల రంగస్థలమును, నాగార్జునసాగరపు నీట మునుగకముందు తరలించి, మాచర్లకు ఆవల అనుపు వద్ద మరల నిర్మించిరి. ఆ నాగార్జునకొండ త్రవ్వకములలోనే రోమనుల బంగారు నాణెములు దొరకినవి. ఇటలీకిని పల్నాటికిని రాకపోకలు రైలుదారులతో మొదలు కాలేదు.

చివరకు ఫిడేలు. క్రెమోనా పట్టణమున పదునారవ శతాబ్దిలో ఆమాతీ వంశీయులు, పిదప స్త్రాదివారి యను శిల్పియు చెక్కిన ఆ వాద్యమును నేటికిని అచ్చట చేతితోనే చేయుచున్నారు. ముందుపలకకు కొండలలో పెరుగు స్ప్రూసు కలప, వెనుకపలకకు మేపులు కలప. 2012లో యునెస్కో ఆ విద్యను మానవజాతి వారసత్వముగా గుర్తించినది. బొబ్బిలిలో పనసమ్రానును తొలిచి వీణ చేయు వడ్రంగిని ఎరిగిన విద్యార్థికి క్రెమోనా కార్ఖానాలో ఉలి చప్పుడు పుట్టింటి చప్పుడే. ఆ వాద్యము ఓడలెక్కి మద్రాసు చేరగా, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దానిని నేర్చి మన కచేరీలో కూర్చుండబెట్టెను. నిలబడి గడ్డము క్రింద పట్టు వాద్యమును మనవారు బాసిపట్టు వేసి, చీలమండకు ఆనించి, తంత్రులను షడ్జపంచమములకు శ్రుతి చేసి, గొంతు పలుకు ప్రతి గమకమును పలికించిరి. 1919లో విజయనగరపు సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారిని, వారి వాదనము విన్న వెంటనే అచ్చటివారు అధ్యాపకునిగా నియమించిరి. 1952లో పాశ్చాత్య వయొలిను విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ వారిని విని ముగ్ధుడయ్యెను. నాయుడుగారు పాశ్చాత్య వాదనమును శ్రద్ధగా విని, దాని విల్లుపట్టులోని నాదశుద్ధిని గ్రహించి, రాగమును మాత్రము వెంట్రుకవాసియు విడువలేదు. ఇటలీకి పోవు తెలుగు విద్యార్థికి ఇంతకన్న స్పష్టమైన మార్గదర్శకుడు లేడు.

కావున, బిడ్డను ఆ దూరదేశమునకు పంపనెంచు తల్లిదండ్రులకును, ఆ బిడ్డకు పాఠము చెప్పుచున్న గురువులకును ఒక మనవి. వీసా కాగితములు సిద్ధమగులోపల పది కృతులకు ప్రతిపదార్థము తెలుగు లిపిలో వ్రాయించుడు. పిదప ఒకనాడు నడికుడిలో మాచర్ల రైలెక్కించి, అనుపు కొనిపోయి, ఆ రాతిమెట్ల నడుమ నిలువబెట్టి, మీరు కట్టకడపటి మెట్టుపై కూర్చుండి, మైకు లేకుండ ఒక్క కృతి పాడించి వినుడు.