డైవింగ్ యాత్రకు అనువైన కాలం: అండమాన్ దీవుల ఉదాహరణ

పర్యాటక రంగంలో పనిచేయబోయే మీకు "అండమాన్ ఎప్పుడు వెళ్తే మంచిదండీ?" అనే ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. ప్రయాణ సంస్థల కరపత్రాల్లో దీనికి సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది: అక్టోబరు నుంచి మే వరకు. బీచ్‌లో నడిచి, సెల్యులార్ జైలు చూసి వచ్చేవారికి ఈ జవాబు సరిపోతుంది. స్కూబా డైవింగ్ కోసం వెళ్ళేవారికి సరిపోదు. ఆ ఎనిమిది నెలల్లో సముద్రం కనీసం మూడు సార్లు స్వభావం మార్చుకుంటుంది. ఒక నెలలో నీటి అడుగున 20 మీటర్ల దూరం స్పష్టంగా కనిపించిన చోటే మరో నెలలో పక్కనున్న మనిషి కూడా మసకగా కనిపించవచ్చు. ఈ మార్పులకు కారణాలేమిటో, వాటిని బట్టి కాలాన్ని ఎలా ఎంచుకోవాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

గాలి, వాన, నీటి స్పష్టత

అండమాన్, నికోబార్ దీవులు సుమారు 6 నుంచి 14 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నాయి. నైరుతి రుతుపవనాలు కేరళను తాకడానికి ముందే, మే మూడో నాలుగో వారంలో ఇక్కడికి చేరతాయి. అవి వెనక్కి మళ్ళిన తరువాత ఈశాన్య రుతుపవనాల వానలు కూడా కురుస్తాయి. అంటే ఈ దీవులు రెండు రుతుపవనాల తాకిడినీ చవిచూస్తాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి దీని పేరు శ్రీవిజయపురం) ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాదు వర్షపాతానికి ఇది మూడు రెట్లకు పైమాటే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. నీటి కింద ఉన్నవాడికి వాన పడితే ఏమిటి, పడకపోతే ఏమిటి? నిజమే, వాన చినుకు డైవర్‌ను ఏమీ చేయదు. ఆ వాన నేల మీది మట్టిని కడిగి వాగుల ద్వారా తీరానికి చేర్చడంతోనే ఇబ్బంది మొదలవుతుంది. దానికి గాలి తోడైతే అలలు పెరిగి, లోతు తక్కువ ఉన్నచోట అడుగునున్న ఇసుకను కూడా పైకి లేపుతాయి. నీటిలో తేలియాడే ఈ రేణువులు వెలుతురును చెదరగొట్టడం వల్ల దృశ్యత పడిపోతుంది. పైగా బోటు నిలకడగా ఉండదు. మొదటిసారి డైవింగ్‌కు వచ్చినవారిలో చాలామందిని బెదరగొట్టేది నీటి లోతు కాదు. ఊగే బోటులో బరువైన సిలిండరు తగిలించుకుని కూర్చున్న ఆ పావుగంటే వారిని ఎక్కువగా బెదరగొడుతుంది.

గాలి దిశను బట్టి ఒకే దీవిలో రెండు వైపులా రెండు రకాల సముద్రం ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) పడమటి తీరంలో రాధానగర్ బీచ్ ఉంది. నైరుతి గాలులు వీచే నెలల్లో ఆ వైపు అలల ఉధృతి ఎక్కువ. తూర్పు తీరంలోని విజయనగర్ వైపు అప్పుడు గాలి మరుగున కొంత ప్రశాంతంగా ఉంటుంది. ఈశాన్య గాలులు మొదలైతే పరిస్థితి తారుమారవుతుంది. పవనాభిముఖ, పవన పరాఙ్ముఖ దిశలు అని పశ్చిమ కనుమల వర్షపాతం గురించి మీరు చదివిన పాఠం ఇక్కడ అలలకూ వర్తిస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు: తుఫానుల భయం

కరపత్రాలు "సీజన్" అని పిలిచే కాలం మొదలయ్యేది ఇక్కడే. బంగాళాఖాతంలో బలమైన తుఫానులు ఎక్కువగా పుట్టే రెండు కాలాల్లో ఒకటి కూడా ఇదే. రెండోది రుతుపవనాలకు ముందు వచ్చే ఏప్రిల్, మే నెలలు. మన కోస్తాను తాకిన తుఫానులలో కొన్ని ముందుగా అండమాన్ మీదుగానే వచ్చాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్, అంతకు నాలుగు రోజుల ముందు అండమాన్ దీవులను దాటింది. 2013 నవంబరులో పోర్ట్‌బ్లెయిర్ సమీపం నుంచి వెళ్ళిన లెహర్, బలహీనపడి మచిలీపట్నం దగ్గర తీరం చేరింది.

2016 డిసెంబరు మొదటి వారంలో జరిగింది పర్యాటక విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఆ తరువాత వార్ధా తుఫానుగా మారి చెన్నైని తాకిన వాయుగుండం, అండమాన్ సముద్రంలో ఉండగానే అక్కడి బోట్ల రాకపోకలను నిలిపివేసింది. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. వారిని తీసుకురావడానికి నౌకాదళం ఓడలు పంపవలసి వచ్చింది. డిసెంబరు అంటే అక్కడ హోటళ్ళు నిండిపోయే నెల, గదుల ధరలు ఆకాశాన్నంటే నెల. జనం ఎక్కువగా వచ్చే కాలం, సముద్రం అనుకూలించే కాలం ఒకటే కానక్కరలేదని మీ ఖాతాదారుకు నచ్చజెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు

జనవరిలో వానలు తగ్గుతాయి గాని ఈశాన్య గాలి ఇంకా వీస్తూనే ఉంటుంది. నేను ఒక జనవరిలో వెళ్ళినప్పుడు ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అయినా తూర్పు తీరంలో రెండు రోజులు ఒడ్డునే కూర్చున్నాం. ఫిబ్రవరి గడిచేకొద్దీ గాలి సన్నగిల్లుతుంది, నీరు తేరుకుంటుంది. మార్చి నాటికి సముద్రం చాలా రోజులు చెరువులా ఉంటుంది. ఒడ్డుకు దూరంగా ఉండే లోతైన డైవింగ్ స్థలాలకు బోట్లు వెళ్ళగలిగేదీ ఎక్కువగా ఈ నెలల్లోనే.

నెల కుదిరాక తిథి కూడా చూసుకోవాలి. ఇది ముహూర్తాల మాట కాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ, ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లోనూ సముద్రపు పోటుకూ పాటుకూ మధ్య తేడా ఎక్కువగా ఉంటుంది. కాబట్టి నీటి ప్రవాహాలూ బలంగా ఉంటాయి. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గుతుంది. కొత్తగా నేర్చుకునేవారిని అష్టమి, నవమి రోజుల్లో దింపితే వారికి సుఖం, శిక్షకుడికి సుఖం. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు ఇంత శాస్త్రీయంగా అక్కరకు వచ్చే సందర్భాలు తక్కువే.

ఏప్రిల్ చివర, మే: పగడాల కోణం

మనిషి సౌకర్యమే కొలబద్ద అయితే, తుఫాను లేని ఏప్రిల్ చివరి వారాలు కూడా ఫిబ్రవరి, మార్చిలకు తీసిపోవు. గాలి లేదు, నీరు వెచ్చన. కానీ ఆ వెచ్చదనమే పగడాలకు ప్రాణాంతకం కావచ్చు. పగడపు జీవుల కణజాలంలో సూక్ష్మ శైవలాలు నివసిస్తాయి. పగడానికి రంగు, ఆహారంలో అధిక భాగం వాటి నుంచే లభిస్తాయి. ఏటా ఉండే గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే నీరు ఒక్క డిగ్రీ సెల్సియస్ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడాలు ఆ శైవలాలను బయటికి నెట్టివేసి తెల్లబడతాయి. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటాయి, లేకపోతే చనిపోతాయి. అండమాన్‌లో 1998, 2010, 2016 సంవత్సరాల్లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి.

అలాంటి ఏడాదిలో కొత్తవారిని పగడపు దిబ్బల మీదికి తీసుకువెళ్ళడం నా దృష్టిలో సరైన పని కాదు. తేలడం ఇంకా చేతకానివారి కాలి రెక్కలు తగిలితే, అప్పటికే నీరసించిన పగడం విరిగిపోతుంది. దిబ్బలను నిర్మించే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. ఒడ్డున దొరికిన ఎండు ముక్క కూడా జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకోకూడదు.

"మంచి కాలం" చూడదలచిన ప్రాణిని బట్టి కూడా మారుతుంది. మాల్దీవుల్లోని బా అటాల్‌లో హనీఫారు అఖాతం ఉంది. నైరుతి రుతుపవన కాలంలో అక్కడ ప్లవకాలు పోగుపడి నీరు మసకబారుతుంది. ఆ ప్లవకాలను తినడానికే మాంటా రే చేపలు గుంపులుగా వస్తాయి. వాటి కోసం వెళ్ళేవారు స్పష్టమైన నీటిని కోరుకుంటే పొరపాటే.

మన సెలవులు, అక్కడి సముద్రం

తెలుగు రాష్ట్రాల కుటుంబాలకు సెలవులు దొరికేది దసరాకు, సంక్రాంతికి, వేసవిలో. వీటిలో మొదటిది తుఫానుల కాలంలో పడుతుంది. మూడోది నీరు బాగా వేడెక్కే కాలం, చివరికి రుతుపవనాల రాకతో ముగుస్తుంది. అన్నిటికంటే అనువైన ఫిబ్రవరి, మార్చి నెలలు మనకు పరీక్షల కాలం. అందువల్ల బడి పిల్లలున్న ఇంటివారికి మంచి సలహా చాలాసార్లు రాజీ సలహాగానే ఉంటుంది. గాలికి ఒకటి రెండు రోజులు పోయినా ఫరవాలేదనుకుంటే సంక్రాంతి దసరా కంటే మేలు. వేసవే కావాలంటే బడులు మూసిన మొదటి వారమే బయలుదేరాలి.

ఏ నెలలో వెళ్ళినా డైవింగ్‌ను యాత్ర మొదట్లో పెట్టి, చివరి రోజులు నేల మీది విహారానికి వదలండి. దీనికి రెండు కారణాలు. గాలి వల్ల ఒక రోజు పోతే పూడ్చుకోవడానికి వ్యవధి ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం: వరసగా డైవింగ్ చేసినవారు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. శరీరంలో కరిగిన నైట్రోజన్, విమానంలో పీడనం తగ్గినప్పుడు బుడగలుగా మారి ప్రాణం మీదికి తేవచ్చు. అక్కడ సూర్యుడు హైదరాబాదు కంటే సుమారు గంట ముందే ఉదయిస్తాడు, అస్తమిస్తాడు. కాబట్టి డైవింగ్ బోట్లు తెల్లవారుజామునే కదులుతాయి. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే తొమ్మిది గంటలకు తీరిగ్గా టిఫిన్ ముగించి వచ్చిన ఖాతాదారు మీ మీదే విరుచుకుపడతాడు.

అభ్యాసం: విజయవాడ నుంచి నలుగురు సభ్యుల కుటుంబం ఆరు రోజుల అండమాన్ యాత్ర కోరుతోంది. ఇద్దరు పిల్లలకూ జనవరి రెండో వారంలో సెలవులు. తండ్రికి డైవింగ్ ఇదే మొదటిసారి. ఆ ఏడాది పంచాంగం ముందుంచుకుని, ఏ రోజున ఏ తీరంలో డైవింగ్ పెడతారో, తిరుగు విమానం ఎప్పుడుంటుందో కారణాలతో 200 పదాలకు మించకుండా రాయండి.