బడి వెనుక నిలిచిన సంఘము

మన సంఘములో మధ్యలో బడి మానిన బిడ్డలను తలంచుకొనుచు మేము ఒక సంగతి చదివితిమి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్, థామస్ హాఫర్‌తో కలిసి 1987లో ఒక పుస్తకము ప్రచురించెను. హైస్కూలు చదువు మానివేయువారు కేథలిక్ బడులలో ప్రభుత్వ బడులకంటె, ఇతర ప్రైవేటు బడులకంటెను తక్కువని అందులో చూపిరి.

కారణము భవనములు కావు, ఫీజులు కావు అని వారి తలంపు. ఆదివారము గుడిలో కలిసికొను పెద్దలు ఒకరి బిడ్డలను ఒకరు ఎరుగుదురు. పిల్లవాడు బడి ఎగగొట్టినయెడల ఆ కబురు సాయంత్రములోగా ఇల్లు చేరును గదా! ఇట్టి పరిచయములనే కోల్‌మన్ సామాజిక మూలధనమనెను.

శ్రద్ధగల తల్లిదండ్రులే ఆ బడులను ఎంచుకొందురు గనుక ఆ ఘనత బడిది కాదని కొందరు పండితులు వాదించిరి. అది త్రోసివేయదగిన మాట కాదు. అయినను, ఇంట ఆదరువు తక్కువైన బిడ్డలు సహితము అక్కడ ఎక్కువగా నిలిచిరని ఆ పుస్తకమే చెప్పుచున్నది.