మిర్చి లెక్క, గోదావరి లెక్క: ప్రొడక్ట్ రూల్, చైన్ రూల్ ఇంత సులువా!

ఖమ్మం మిర్చి యార్డుకు బస్తాలు తెచ్చిన రైతుది రోజూ ఒకటే ఆలోచన. ఇవాళే అమ్మేయాలా, రేపటిదాకా ఆగాలా? ఆగితే ధర పెరగొచ్చు. కానీ కాయ ఆరిన కొద్దీ తూకం తగ్గుతుంది. ఇంటర్‌ మ్యాథ్స్‌లో పిల్లలు భయపడే ప్రొడక్ట్ రూల్ సరిగ్గా ఈ లెక్కే.

ముందు ఒక మాట. ఒక విలువ ఎంత వేగంగా మారుతోందో చెప్పేదే అవకలజం. ఉర్దూలో దీన్ని ముష్తఖ్ అంటారు. అరబీ వ్యాకరణం చదివిన పిల్లలకు ఈ మాట కొత్త కాదు. ధాతువు నుంచి పుట్టిన పదాన్ని అక్కడ కూడా ముష్తఖ్ అనే అంటారు.

రెండూ మారితే ప్రొడక్ట్ రూల్

రైతు దగ్గర 10 క్వింటాళ్ల మిర్చి ఉంది, ధర క్వింటాలుకు 15,000 రూపాయలు అనుకుందాం. ధర రోజుకు 100 రూపాయలు పెరుగుతోంది. తూకం రోజుకు 5 కిలోలు, అంటే 0.05 క్వింటాలు తగ్గుతోంది. ఆగితే లాభమా, నష్టమా?

చాలామంది పిల్లలు రెండు మార్పులనూ గుణించేస్తారు. 100ను మైనస్ 0.05తో గుణిస్తే మైనస్ 5 వస్తుంది. అంటే నష్టమేనన్నమాట! ఇది తప్పు. కాలిక్యులస్ కనిపెట్టినవారిలో ఒకరైన లైబ్నిజ్‌కు కూడా 1675లో ఈ అనుమానమే వచ్చింది. తర్వాత ఆయనే సరిదిద్దుకున్నాడు.

సరైన పద్ధతి ఇది: మొదటిదాని మార్పు × రెండోది + మొదటిది × రెండోదాని మార్పు.

ధర పెరగడం వల్ల వచ్చేది 100 × 10 = 1,000. తూకం తగ్గడం వల్ల పోయేది 15,000 × 0.05 = 750. మిగిలేది రోజుకు 250 రూపాయల లాభం. మర్నాడు నిజంగా తూచి చూస్తే 9.95 × 15,100 = 1,50,245. పెరిగింది 245. తేడా వచ్చిన ఆ 5 రూపాయలే రెండు మార్పుల గుణకారం. రోజుకు బదులు గంట, నిమిషం అని సమయాన్ని తగ్గిస్తూ పోతే ఆ ముక్క లెక్కలోకి రానంత చిన్నదైపోతుంది. అందుకే సూత్రంలో దానికి చోటు లేదు.

ఒకదాని వెనక ఒకటైతే చైన్ రూల్

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది.

నది గంటకు అర అడుగు పెరుగుతోందని, ఒక్కో అడుగుకు నీరు వీధిలోకి 40 మీటర్లు ముందుకు వస్తుందని అనుకుందాం. అప్పుడు నీరు గంటకు 40 × 0.5 = 20 మీటర్లు ఇంటివైపు వస్తుంది. సమయంతో నది మారుతోంది, నదితో వీధి మారుతోంది. ఇలా గొలుసులా ఉన్నప్పుడు మార్పులను గుణించాలి. ఇదే చైన్ రూల్.

పుస్తకంలో (ఎక్స్² + 1)⁵ అని ఇస్తారు. ముందు బయటి పొర: 5(ఎక్స్² + 1)⁴. తర్వాత లోపలిదాని మార్పు: 2ఎక్స్. రెండూ గుణిస్తే 10ఎక్స్(ఎక్స్² + 1)⁴. ఎక్కువమందికి మార్కులు పోయేది ఆ 2ఎక్స్ మరిచిపోవడం వల్లే.

రెండూ కలిసొస్తే? ఎక్స్² × సైన్ 3ఎక్స్ తీసుకోండి. పైన గుణకారం ఉంది కాబట్టి ముందు ప్రొడక్ట్ రూల్. సైన్ లోపల 3ఎక్స్ ఉంది కాబట్టి అక్కడ చైన్ రూల్. జవాబు: 2ఎక్స్ సైన్ 3ఎక్స్ + 3ఎక్స్² కాస్ 3ఎక్స్.

మన చరిత్రలోనూ ఉంది

12వ శతాబ్దంలో షరఫుద్దీన్ తూసీ అనే గణిత పండితుడు ఘన సమీకరణాలపై పనిచేస్తూ, ఎక్స్²(బి − ఎక్స్) విలువ ఎప్పుడు అత్యధికమో చెప్పారు: ఎక్స్ విలువ బిలో మూడింట రెండు వంతులు ఉన్నప్పుడు. ఇవాళ ప్రొడక్ట్ రూల్‌తో చేసి సున్నాకు సమానం చేసినా అదే వస్తుంది. పిల్లలతో చేయించి చూడండి.

ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్షలో 160 ప్రశ్నలకు 3 గంటలే సమయం. అందులో 80 మ్యాథ్స్‌వే. సూత్రం అర్థమైతే తడుముకోవాల్సిన పని ఉండదు. కాలిక్యులస్ చదవని అమ్మీ, అబ్బా కూడా నోట్‌బుక్ పక్కన కూర్చుని రెండు ప్రశ్నలు అడగొచ్చు: "ఇందులో మారేవి ఎన్ని బేటా? లోపలిదాని లెక్క చేశావా?"