వార్తల్లో పదం: డిమెన్షియా

అన్నం తిన్న కాసేపటికే పెద్దాయన "నాకింకా అన్నం పెట్టలేదేం?" అంటే జగ్గయ్యపేటలోనైనా, నందిగామలోనైనా వయసు మీదపడిందిలే అని సరిపెట్టుకుంటారు. అది డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు కావచ్చు.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి 51 ఏళ్ల అగస్టె డీటర్‌ను తీసుకొచ్చారు. డాక్టర్ అలోయిస్ అల్జీమర్ ఆమె పేరడిగితే "అగస్టె" అంది. భర్త పేరడిగినా అదే జవాబు! 1906లో ఆమె చనిపోయాక మెదడును పరీక్షించిన అల్జీమర్‌కు కణాల్లో చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. ఆ ఏడాది నవంబరులో ట్యూబింగెన్ వైద్యుల సభలో చెబితే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1910లో మానసిక వైద్యుడు క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకు అల్జీమర్ పేరే పెట్టారు. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం ఇదే.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో వెల్లడించింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించడం విశేషం.

మతిమరుపు రోజువారీ పనులకు అడ్డొస్తుంటే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి.