హాజరు బహుమతి ఎత్తేశాం

మా హోసూరు వైపు ఫిబ్రవరి, మార్చి నెలలు వస్తే పిల్లలకు అమ్మవారు పోయడం మామూలే. మునుపు గుమ్మానికి వేపమండ కట్టేవారు. అది చూసి చుట్టుపక్కల వాళ్లు ఆ ఇంట్లోకి పోయేవారు కాదు. ఒకరకంగా అదే నోటీసు బోర్డు. ఇప్పుడు అద్దె ఇళ్లలో వేపమండ కట్టేవాళ్లు తక్కువ. ఏ పిల్లకు ఏమొచ్చిందో పక్కింటికే తెలియదు, బడికి ఏం తెలుస్తుంది?

మా ఆడపడుచు మాతోనే ఉంటుంది. ముప్పై రెండో ఏట ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. ఇది అంటువ్యాధి కాదు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. ఆ దాడిని ఆపడానికి ఆరు నెలలకొకసారి రిటుక్సిమాబ్ ఎక్కిస్తారు. మందు దాడినీ తగ్గిస్తుంది, దాంతోపాటు జబ్బులతో పోరాడే బలాన్నీ కొంత తగ్గిస్తుంది. పైగా జ్వరం వచ్చి ఒళ్లు వేడెక్కితే పాత లక్షణాలన్నీ తిరగబడతాయి. కాలు మాట వినదు, చూపు మసకబారుతుంది. అలాంటి మనిషి ఉన్న ఇంటికి రోజూ సాయంత్రం బడి నుంచి ముగ్గురం వెళతాం. ఇద్దరు పిల్లలూ, పాఠం చెప్పే మేమూ.

రెండేళ్ల కిందట మూడో తరగతిలో మా చిన్నవాడి పక్కన కూర్చునే పిల్లవాడు నాలుగు రోజులు రాలేదు. తిరిగి వచ్చినప్పుడు మెడ మీద పొక్కులు ఇంకా పక్కు కట్టలేదు. వాళ్ల అమ్మ చెమటకాయలని చెప్పింది. మేము నమ్మాం. మరునాడు నిజం తెలిసింది. చికెన్‌పాక్స్ పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా అంటుకుంటుంది. అసలు పొక్కు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది కూడా.

బెంగళూరులోని న్యూరాలజీ డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగిన మాట: ‘ఆమెకు చిన్నప్పుడు పోసిందా?’ మాలో ఎవరికీ తెలియదు. మా అత్తగారు పోయి ఆరేళ్లయింది. చివరికి కుప్పంలోని మేనత్తను అడిగితే, పోసింది, మా ఇంట్లో ఉన్నప్పుడే అంది. డాక్టరు ఆ మాట మీద ఊరుకోక రక్తపరీక్ష రాయించారు. యాంటీబాడీలు లేకపోతే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజక్షన్ గురించి ఆలోచించాలనీ, దానికి పది రోజులే గడువనీ, ఎంత ముందైతే అంత మేలనీ చెప్పారు. రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. యాంటీబాడీలు ఉన్నాయని తేలింది.

అయినా చిన్నవాణ్ణి మూడు వారాలు అమ్మమ్మ ఇంట్లో ఉంచాం. ఆమెకు చిన్నప్పుడే పోసింది కాబట్టి భయం లేదు. బస్సెక్కేటప్పుడు వాడు, ‘నా వల్ల అత్తకు ఏమైనా అవుతుందా?’ అన్నాడు. ఎనిమిదేళ్ల వాడికి ఏం చెబుతాం? పదిహేనో రోజున వాడికి నాలుగైదు పొక్కులు వచ్చాయి, తేలిగ్గా పోయింది. ఒక డోసు టీకా పడి ఉండడం మంచిదైంది. రెండోది వేయించలేదు, తప్పు మాదే. చికెన్‌పాక్స్, గవదబిళ్లల టీకాలు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే వాటిలో లేవు, డబ్బు పెట్టి వేయించాలి. తట్టు, రుబెల్లాలకు మాత్రం ఎమ్మార్ టీకా ఉచితం. 2017 ఫిబ్రవరిలో ఆ కార్యక్రమం మొదలైన రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో తమిళనాడు, కర్ణాటక, యానాం కలిసి ఉన్న పుదుచ్చేరి ఉన్నాయి.

అంత భయపెట్టిన చికెన్‌పాక్స్ మా ఆడపడుచును ముట్టుకోలేదు. ఆ జూన్‌లో వచ్చిన మామూలు జలుబు జ్వరం ఆమెను తొమ్మిది రోజులు మంచానికి కట్టేసింది. అది తెచ్చింది పిల్లలు కాదు, మేమే. నోటుపుస్తకాలు దిద్దుతూ దగ్గుతున్న పిల్లల మధ్య కూర్చుని వచ్చి, అదే చీరతో ఆమెకు కాఫీ కలిపి ఇచ్చాం.

ఇప్పుడు ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగి, బట్టలు మార్చాకే ఆమె గదిలోకి. వాంతులు విరేచనాలు పుట్టించే కొన్ని వైరస్‌లకు శానిటైజర్ చాలదు, సబ్బు, నీళ్లే కావాలి. ఇంటిల్లిపాదీ ఏటా ఫ్లూ టీకా వేయించుకుంటాం. ఆమెకు మాత్రం మందు ఎక్కించే తేదీ చూసుకుని, డాక్టరు చెప్పిన సమయంలోనే వేయిస్తాం. ఆ మందు పడిన కొత్తలో టీకా సరిగా పనిచేయదు. బతికున్న వైరస్‌తో చేసిన టీకాలు ఆమెకు అసలు వేయకూడదు. అందుకే చుట్టూ ఉన్నవాళ్లం వేయించుకోవాలి.

ఆ పిల్లవాడి తల్లి మీద మాకు చాలా రోజులు కోపం ఉండేది. ఒకరోజు ఆమే వచ్చి చెప్పింది: ‘ఒక్క రోజు కూడా మానకపోతే బహుమతి అన్నారు కదా టీచర్. నాలుగు రోజులు ఎలాగూ పోయాయి, ఇంకా పోతే మీరు తిడతారని పంపించాను.’ ఆ బహుమతి పెట్టింది మేమే. బలం తక్కువున్న మన తెలుగు బడుల్లో అందరి కళ్లూ హాజరుపట్టీ మీదే ఉంటాయి. ముగ్గురు రాకపోతే తరగతి ఖాళీగా కనబడుతుంది.

తల్లిదండ్రుల సమావేశంలో విషయం అలాగే చెప్పాం. జ్వరం, పొక్కులు వస్తే ఆ రోజే క్లాసు టీచరుకు ఫోన్ చేయాలి. పేరు చెప్పకుండా ‘మూడో తరగతిలో ఒకరికి చికెన్‌పాక్స్’ అని గ్రూపులో పెడతాం. పోయిన పాఠాలు మేము తిరిగి చెబుతాం. సమావేశం అయ్యాక ఇద్దరు తల్లులు ఆగారు. ఒకరి ఇంట్లో కిడ్నీ మార్పిడి అయిన మామగారు, ఇంకొకరి ఇంట్లో కీమోథెరపీలో ఉన్న చెల్లెలు. ఇన్నాళ్లూ మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఈ ఏడు హాజరు బహుమతి లేదు. ఎందుకు తీసేశారని ఇద్దరు ముగ్గురు పిల్లలు అలిగారు కూడా.