ఏది హేతువు? ఏది నిగమనము?



మన పెళ్ళిళ్ళలో, పండుగలలో ఒక మాట వింటుంటాము: "మా ముత్తాత మద్రాసులో ఓడ ఎక్కారు. కాబట్టి మనము తమిళులమే. ఇక పిల్లలకు తెలుగు బడి ఎందుకు?" వినటానికి ఇది సబబుగానే ఉంటుంది. పిల్లలు జవాబు తోచక ఊరుకొంటారు. ఇటువంటి మాటను ఔననక, కాదనక, ముందు అందులో ఏ వాక్యము ఏ పని చేస్తున్నదో చూడవలెను.

దీనికి మన తర్కశాస్త్రము దారి చూపింది. 17వ శతాబ్దములో 'తర్కసంగ్రహము' రచించిన అన్నంభట్టు తెలుగువాడే. ఎదుటివారికి ఒక సంగతి నిరూపించుటకు ఈ శాస్త్రము అయిదు వాక్యములు చెప్పింది. మన నేటాల్ చెరకుతోటనే తీసుకొందాము.

"ఆ తోటలో నిప్పు ఉన్నది" అనేది ప్రతిజ్ఞ, అనగా నిరూపించదలచిన మాట. "పొగ ఉన్నది గనుక" అనేది హేతువు. "పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింటి పొయ్యిలో వలె" అనేది ఉదాహరణ. "ఈ తోటలోనూ అటువంటి పొగ ఉన్నది" అనేది ఉపనయము. "కాబట్టి అక్కడ నిప్పు ఉన్నది" అనేది నిగమనము.

వీటిని పోల్చుకొనుటకు ఒక ప్రశ్న చాలును. "ఎందుచేత?" అంటే జవాబుగా వచ్చేది హేతువు. దేనిని గురించి ఆ ప్రశ్న అడిగామో అది నిగమనము. 'కాబట్టి' అనే మాటను మాత్రము జాగ్రత్తగా చూడవలెను. "పొగ ఉన్నది కాబట్టి" అని చివర వస్తే ఆ వాక్యము హేతువు. "కాబట్టి నిప్పు ఉన్నది" అని మొదట వస్తే అది నిగమనము.

ఇప్పుడు మన పెద్దల మాటకు వద్దాము. "మద్రాసులో ఓడ ఎక్కారు" అనేది హేతువు. "మనము తమిళులమే" అనేది దాని నిగమనము. కాని అదే వాక్యము "తెలుగు బడి అక్కరలేదు" అనే మాటకు మరల హేతువు అవుతున్నది. ఒకే వాక్యము రెండు పనులు చేయవచ్చును.

మరి ఉదాహరణ ఏది? పైకి అనలేదు గాని, "మద్రాసులో ఓడ ఎక్కినవారందరూ తమిళులే" అని లోపల అనుకొన్నారు. బరువంతా దాని మీదనే ఉన్నది. అది నిజము కాదు. మద్రాసు నుంచి వచ్చిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న డర్బను చేరింది. ఆనాటి మద్రాసు రాజధానిలో విశాఖపట్నము, గోదావరి, నెల్లూరు, కడప వంటి తెలుగు జిల్లాలు కూడా ఉండేవి. ఆ రేవులో తమిళులూ ఎక్కారు, తెలుగువారూ ఎక్కారు.

అయితే ఒక హెచ్చరిక. వారి హేతువు నిలవనంత మాత్రాన మనము తెలుగువారమని తేలిపోలేదు. దానికి వేరే హేతువు కావలెను. ఓడ జాబితాలలో ముత్తాతల పేరు, తండ్రి పేరు, జిల్లా, గ్రామము వ్రాసేవారు. అక్కడ ఉత్తర ఆర్కాటు అని ఉంటే అదొక్కటే చాలదు. ఆ జిల్లాలో రెండు భాషలూ ఉండేవి. అప్పుడు గ్రామము పేరు చూడవలెను, అవ్వలు ఇంటిలో ఏ భాష మాట్లాడేవారో అడగవలెను.

కనుక ఈసారి ఎవరైనా ఆ మాట అంటే కోపగించకండి. "తాతా, మన ముత్తాతది ఏ ఊరు?" అని మర్యాదగా అడగండి. పెట్టెలోని పాత కాగితములు కూడా తీసి చూడండి.