పన్నులవాళ్లమంటారు... పరుగులు పెట్టిస్తారు!

'మీరు ప్రభుత్వానికి పన్ను బాకీ ఉన్నారు. వెంటనే కట్టకపోతే పోలీసులు మీ ఇంటికొస్తారు. ఫోన్ మాత్రం పెట్టెయ్యకండి...'

అమెరికాలో వేలమందికి కొన్నేళ్లపాటు ఇలాంటి ఫోన్లు వచ్చాయి. అవతలి మనిషి అచ్చమైన అమెరికన్ పేరే చెప్పేవాడు. బ్యాడ్జి నంబరూ చెప్పేవాడు. ఫోన్లో కనిపించే నంబరు కూడా అక్కడి పన్నులశాఖ ఐఆర్‌ఎస్‌దేనేమో అనిపించేలా ఉండేది. తీరా చూస్తే ఆ గొంతులు వాషింగ్టన్‌వి కావు... మన ముంబయి పక్కనున్న మీరా రోడ్‌వి!

2016 అక్టోబరులో ఠాణె పోలీసులు అక్కడి కాల్‌సెంటర్లపై దాడిచేసి వందలమందిని ప్రశ్నించారు. 70 మందిని అరెస్టు చేశారు. అదే నెలలో అమెరికా న్యాయశాఖ అహ్మదాబాద్ కాల్‌సెంటర్లతో ముడిపడిన ఇలాంటి కేసునే బయటపెట్టింది. బాధితులు 15 వేలమందికి పైనే. పోయిన సొమ్ము పదుల కోట్ల డాలర్లు. ఆ కేసులో 2018 జులైలో 21 మందికి అక్కడి కోర్టు శిక్షలు వేసింది. అత్యధిక శిక్ష 20 ఏళ్ల జైలు.

ఎక్కువగా చిక్కింది పెద్దవయసువాళ్లూ, వేరే దేశాల నుంచి వెళ్లి అక్కడ ఉంటున్నవాళ్లూ. మన పిల్లలున్నదీ ఆ రెండో జాబితాలోనే. చదువుకోవడానికి వెళ్లిన కుర్రాడికైనా, హెచ్1బి మీద ఉన్న ఉద్యోగికైనా దేశం నుంచి పంపించేస్తారన్న భయం ముందు నాలుగైదు వేల డాలర్లు ఓ లెక్కా! ఫోన్ పెట్టనివ్వకుండానే దగ్గర్లోని దుకాణానికి నడిపించి, గిఫ్ట్‌కార్డులో ప్రీపెయిడ్ కార్డులో కొనిపించి, వాటి మీది నంబర్లు చెప్పించుకునేవారు. పన్నుల ఆఫీసుకి గిఫ్ట్‌కార్డులెందుకు? కాసేపు కూర్చుని ఆలోచిస్తే ఎవరికైనా వచ్చే అనుమానమే. అలా కూర్చోనివ్వకపోవడమే వాళ్ల విద్యంతా.

అసలైన ఐఆర్‌ఎస్ ఇంత హడావుడి చేయదు. సాధారణంగా మొదట పోస్టులో ఉత్తరం వస్తుంది. బాకీ లేదనుకుంటే అభ్యంతరం చెప్పుకోవచ్చు. గిఫ్ట్‌కార్డులతో కట్టమనడం, ఇప్పుడే అరెస్టు చేయిస్తామని బెదిరించడం అక్కడ ఉండవు.

రిఫండు ఎర

మన దగ్గర బెదిరింపుతోపాటు ఆశనూ వాడతారు. రిటర్నులు వేసి రిఫండు కోసం ఎదురుచూసే రోజుల్లో 'మీకు రిఫండు మంజూరైంది. ఖాతా నంబరు సరిచూసుకోండి' అంటూ మెసేజీ వస్తుంది. కింద ఓ లింకు. 2023లో అలా తిరిగిన ఓ మెసేజీలోని అంకె 15,490 రూపాయలు. 15 వేలంటే అనుమానించేవాళ్లు కూడా ఆ 490 చూసి నిజమే కాబోలనుకుంటారు! అది బూటకమని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ అప్పట్లోనే ప్రకటించింది.

నిజమైన రిఫండుకి ఏ లింకూ నొక్కక్కర్లేదు. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీరు ముందే సరిచూపించుకున్న బ్యాంకు ఖాతాలోకే నేరుగా వచ్చేస్తుంది. కార్డు నంబరు, పిన్, బ్యాంకు పాస్‌వర్డు ఆదాయపన్ను శాఖ ఫోన్‌లోనో మెయిల్‌లోనో అడగదు.

చిక్కేమిటంటే, ఆ శాఖ నిజంగానే మెయిళ్లూ మెసేజీలూ పంపుతుంది. ఏది అసలు, ఏది నకిలీ? అందుకు ఓ దారి ఉంది. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ ఇచ్చే నోటీసులు, ఉత్తర్వుల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. ప్రత్యేక కారణాలు రాసి మినహాయిస్తే తప్ప ఆ సంఖ్య లేని కాగితం చెల్లదు. సంఖ్య ఉన్నంతమాత్రాన నమ్మేయాలనీ లేదు. మెసేజీలోని లింకు జోలికి పోకుండా పోర్టల్ చిరునామాను సొంతంగా టైపు చేసి తెరిస్తే, నోటీసు అసలుదో కాదో చూసే సదుపాయం అక్కడే కనిపిస్తుంది. లాగిన్ కూడా అక్కర్లేదు. కేంద్ర జీఎస్‌టీ అధికారుల సమన్లకూ 2019 నవంబరు 8 నుంచి ఇలాంటి సంఖ్యే ఉంటోంది. వ్యాపారులు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతిది.

అలాగని వచ్చిన ప్రతి నోటీసునూ బుట్టలో పడేస్తే అసలుకే ఎసరు. నిజమైనదని తేలితే గడువులోగా జవాబు ఇవ్వాల్సిందే.

ఇక నేరుగా ఇంటికే వచ్చే దొంగ అధికారుల సంగతి సూర్య 'గ్యాంగ్' సినిమా చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. సోదాకి వచ్చిన వారిని గుర్తింపు కార్డూ, వారెంటూ చూపించమని అడిగే హక్కు ఇంటివాళ్లకు ఉంది. సాక్షులుగా స్థానికులు ఉండాలి. అసలు అధికారులైతే అడిగినందుకు నొచ్చుకోరు.

డబ్బు పోయిందా? సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకుకీ చెప్పాలి. లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుంటే పని తేలిక. సొమ్ము చేతులు మారకముందే ఖాతాను స్తంభింపజేయగలిగితే తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. కొన్నాళ్లకు మరో ఫోన్ రావచ్చు... పోయిన డబ్బు ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టమని. అదీ ఆ బాపతే.